వానకోయిల అచ్చు

నది పట్టుకుపోయింది శుక్రవారం. నీవెస్ పోగొట్టింది ఆ తరువాతి బుధవారం.

నది పట్టుకుపోయినవాటి గురించి ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఆర్నో పొంగి ఫ్లోరెన్స్ సగం ఊరిని ముంచినప్పుడు, సాంతా క్రోచె పేటలో కింద దుకాణమున్న ప్రతి ఇంటికీ అదే గతి పట్టింది. తోళ్ళ కట్టలు, కుట్టు బల్లలు, సగం కుట్టిన సంచులు, నీవెస్ భర్త లాపో పోయాక రెండేళ్ళుగా గోడ మీంచి ఎవరూ తీయని అతని కోటు, అన్నీ ఏటిపాలయ్యాయి. ఏటిని ఎవరేమంటారు?

ఉక్కు అచ్చులను మాత్రం ఏరు కదపలేకపోయింది. ఒక్కొక్కటి పిడికెడు దిమ్మే అయినా బరువు. లిల్లీ పువ్వు, దానిమ్మ, సింహం తల, నీవెస్ మామగారు ఒరెస్తేకు ముత్తాత చెక్కినవి. దిమ్మ మీద బొమ్మ లోపలికి పల్లంగా ఉంటుంది. పలచని వెండి రేకు పరిచి మరతో ఒత్తితే పైకి లేచి వస్తుంది. సంచుల కొలుకులకు ఆ వెండి బొమ్మలే. తడిపిన తోలు పరిచి ఒత్తితే సంచి మూత మీద కూడా అదే బొమ్మ.

నీళ్ళు తీశాక అచ్చులు చూస్తే ఇళ్ళను వెచ్చబెట్టే బాయిలర్లలోంచి కొట్టుకొచ్చిన నల్ల నూనె, బురద కలిసి వాటి మీద అట్టలు కట్టి ఉన్నాయి. ఊరంతా ఆ నూనెను తిట్టుకుంటోంది. గోడలకు అదే, చర్చిలో పటాలకు అదే, పిల్లల జుట్టుకు అదే.

బుధవారంనాడు నీవెస్ వీధి చివర ట్యాంకరు దగ్గర నిలబడి రెండు బిందెల నీళ్ళు తెచ్చింది. మొహాలు కడుక్కోవడానికే చాలని నీళ్ళు. వాటిని కాచి, బట్టల సోడా వేసి, అచ్చులన్నీ ముంచి, పంటి బ్రష్షుతో ప్రతి గీతా తోమింది. వానకోయిల అచ్చును అన్నిటికంటే ముందు తోమింది. అది ఆమెది.

ఇంటికి వచ్చిన కోడలికి పెళ్ళికొడుకు ఒక అచ్చు చెక్కి ఇవ్వడం ఆ ఇంటి రివాజు. అత్తయ్య అర్జియాకు ఒరెస్తే ఇచ్చింది తేనెటీగ. నీవెస్‌కు లాపో ఇచ్చింది వానకోయిల. ఆ తరువాత లాపో మరో అచ్చు చెక్కలేదు. ఊపిరితిత్తుల జబ్బు అతణ్ణి ఇంకొకటి చెక్కనివ్వలేదు.

సాయంత్రానికి అచ్చులు కొత్తవాటిలా మెరిశాయి. ఉక్కుకు నూనె రాసే పని ఆ ఇంట్లో ఎప్పుడూ ఒరెస్తేదే. ఇంకొకరి చెయ్యి పడనిచ్చేవాడు కాదు. అందుకే ఆమె తట్ట పట్టుకుని పైకి వెళ్ళి, సరిగ్గా ఉన్నాయా చూడమని అడిగింది. ఆయన తట్ట మీదికి వంగి, "బాగున్నాయమ్మాయ్" అని, వెళ్ళి పడుకున్నాడు.

తెల్లారేసరికి అన్నిటి మీదా ఇటుక పొడి చల్లినట్టు తుప్పు. ఊరంతా తిట్టిన ఆ నల్ల నూనే అచ్చులను కాపాడుతూ వచ్చింది. దాన్ని ఆమె సోడాతో కడిగేసింది.

ఆనాటి నుంచి ఒరెస్తే నోరు విప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నం బల్ల మీద చిక్కుడు గింజల పులుసు, ఉప్పులేని రొట్టె ఉన్నాయి. ముగ్గురూ కూర్చున్నారు. ఒరెస్తే వైన్ గ్లాసు కోసం చెయ్యి చాచాడు. చెయ్యి సీసాకు తగిలింది. అర్జియా చటుక్కున సీసాను పట్టుకుంది.

"ఏవయ్యా, మఠంలో సన్నాసులు కూడా ఆదివారం నోరిప్పుతార్ట. నువ్వు నోరూ ఇప్పవు, కళ్ళూ ఇప్పవు. గ్లాసు కావాలంటే గ్లాసని అడుగు."

నీవెస్ గ్లాసును ఆయన చేతికి ఆనేలా జరిపింది.

ఈ నాలుగు రోజులూ అర్జియాయే ఇద్దరి మధ్యా తపాలా మోసింది. "మీ మామయ్యకి రొట్టె కావాలేమో చూడు" అని ఇటు, "కోడలు చొక్కా ఉతికి పెట్టింది, తొడుక్కో" అని అటు. జవాబులు మాత్రం ఎటునుంచీ రాలేదు.

పులుసు సగంలో ఉండగా మెట్ల మీద అడుగులు వినిపించాయి. ఫోస్కా వచ్చింది. లాపోకు చెల్లెలు. సియెనాలో ఇచ్చారు. ఆమె భర్త కింద వ్యాన్ ఆపుకుని ఉన్నాడు. బురదలో బూట్లు పాడవుతాయని దిగలేదట.

"సియెనావాళ్ళకి మన మట్టంటే ఎప్పుడూ పడదులే" అంది అర్జియా.

ఫోస్కా నవ్వలేదు. తల్లిని ముద్దు పెట్టుకుంది, తండ్రి భుజం మీద చెయ్యి వేసింది, వదిన వైపు తల ఊపింది. కూర్చోకుండానే వచ్చిన పని చెప్పింది. తమ ఇంట్లో ఎండ తగిలే గది ఒకటి ఖాళీగా ఉంది. అమ్మా నాన్నా ఈ పూటే బయలుదేరి రావాలి. ఈ తేమలో ఇంకో నెల ఉంటే లాపోకు వచ్చిన జబ్బే వీళ్ళకూ వస్తుంది. కింద దుకాణాన్ని అడిగేవాళ్ళున్నారు. అచ్చుల ఉక్కును తూకానికి తీసుకునే మనిషితో తన భర్త మాట్లాడి పెట్టాడు. వదిన ఇంకా చిన్నదే. ముజెల్లో కొండల్లో పుట్టిల్లు ఉంది, అన్నలున్నారు.

ఆమె ఇదంతా కోపంగా చెప్పలేదు. రాత్రుళ్ళు నిద్రపోకుండా ఆలోచించిన మనిషి చెప్పినట్టు చెప్పింది. అందువల్లే కాదనడం కష్టమైంది.

ఒరెస్తే రొట్టె ముక్క తుంచి పులుసులో వేశాడు. తినలేదు.

అర్జియా మాత్రం ఊరుకోలేదు. సియెనాలో ఎండలో పడుకోవడం కంటే ఇక్కడ బురదలో పడుకోవడం మేలంది. అచ్చులు తూకానికి వేసేటట్టయితే ముందు తనని తూకానికి వెయ్యమంది. అవి పనికొస్తాయా రావా అన్నది ఇంకా ఎవరూ తేల్చలేదంది.

"తేల్చేదేముందమ్మా?" అంది ఫోస్కా. "కింద చూసే వచ్చాను. ఏట్లో మునిగి కూడా బతికిన ఉక్కు, వదిన చేతుల్లో పడి చచ్చింది."

నీవెస్ చెంచా కింద పెట్టింది.

మాట ఆమె నాలుక చివరి వరకూ వచ్చింది. బాగున్నాయని మామయ్యే అన్నారు. ఆ ఒక్క మాట చాలు, తన మీదున్న బరువు సగం దిగిపోతుంది. కానీ ఆ సగం ఎక్కడికి వెళ్ళి పడుతుందో ఆమెకు తెలుసు. నాలుగు రోజులుగా ఆ మాటను ఆమె మింగుతూనే ఉంది. నూనె రాయని ఉక్కును చూసి బాగుందనే మనిషి కాదాయన. అలసిన కోడల్ని నొప్పించడం ఇష్టంలేక అన్నాడా? అలాగైతే ఆమె పడుకున్నాక లేచి తనే నూనె రాసి ఉండేవాడు. ఎటు తిప్పినా ఆ లెక్క కుదరడం లేదు.

"నీళ్ళు మోసింది అది" అంది అర్జియా. "గడ్డకట్టే చలిలో వరసలో నిలబడి మోసింది. నా తేనెటీగ కూడా పోయింది, నేనేమన్నా ఏడ్చానా? ఈగా ముసల్దైంది, నేనూ ముసల్దాన్నయ్యాను."

"నీ తేనెటీగ పోయినా నువ్వు అమ్మవేనమ్మా. వదిన వానకోయిల పోతే..."

ఫోస్కా అక్కడ ఆగింది. తను ఎంతవరకు వచ్చిందో ఆమెకే అర్థమై, కిటికీ వైపు తిరిగింది. మిగతాది చెప్పనక్కర్లేదు. పిల్లలు లేరు. లాపో లేడు. ఆ ఇంట్లో నీవెస్ కోసమని చేసిన వస్తువు అదొక్కటే.

ఒరెస్తే కుర్చీ వెనక్కి జరిపి లేచాడు.

"నీవెస్" అన్నాడు. గొంతు వాడక బొంగురుపోయింది. "కిందికి రా."

కింద దుకాణంలో గోడమీద, మనిషి ఎత్తుకు పైన, నల్లటి గీత ఉంది. నీళ్ళు అంతవరకూ నిలిచాయి. నేల తుడిచినా వాసన పోలేదు. వెడల్పాటి తలుపు తెరిచి ఉండటంతో మధ్యాహ్నపు వెలుతురు ఒత్తుడు మర దాకా వచ్చింది.

నీవెస్ తలుపు దగ్గరే నిలబడింది. ఆయన ఏమంటాడో దారిలోనే అనుకుంటూ వచ్చింది. పుట్టింటికి వెళ్ళమంటే ఏం సర్దుకోవాలో కూడా అనుకుంది. సర్దుకోవడానికి పెద్దగా ఏమీ లేదు.

ఒరెస్తే బల్ల ముందు కూర్చుని తట్టను దగ్గరికి లాక్కున్నాడు. అచ్చులను ఒక్కొక్కటే తీసి బొటనవేలితో నిమిరి పక్కన పెడుతున్నాడు. లిల్లీ. సింహం. దానిమ్మ దగ్గర కాస్త ఆగాడు. వానకోయిల మీదుగా వేళ్ళు దాటిపోయి, మళ్ళీ వెనక్కి వచ్చాయి.

"తోక ఉంది" అన్నాడు. "కుడి రెక్క ఉంది. తల మీద కొంచెం గరుకు. ఎడమ రెక్కను తుప్పు పూర్తిగా తినేసింది."

ఆ మాటలంటున్నంతసేపూ ఆయన ముఖం వీధి వైపే ఉంది. అచ్చు వైపు ఒక్కసారి కూడా తిరగలేదు.

నీవెస్‌కు గ్లాసు గుర్తొచ్చింది. సీసాకు తగిలిన చెయ్యి గుర్తొచ్చింది. వేసవి నుంచీ మెట్లు దిగేటప్పుడు గోడను పట్టుకోవడం, వెండి రేకులు కత్తిరించే పని ఏదో ఒక వంకతో తనకే వదిలేయడం, పేపరు అర్జియా చేత చదివించుకోవడం, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. కుదరని లెక్క కుదిరింది. ఆమె నడిచి వెళ్ళి ఎదురుగా కూర్చుంది.

"మామయ్యా, బుధవారం మీరు బాగున్నాయన్నారు."

"అన్నాను."

"చూశారా?"

వీధిలో ఎవరో పారతో బురద గీకుతున్నారు. ఆయన అచ్చును రెండు అరచేతుల్లోకి తీసుకున్నాడు.

"తట్టలో ఏదో మెరుస్తున్నట్టు తెలిసింది. తోలు పని చేసే చెయ్యి కదా నీది, కొవ్వు రాయకుండా దేన్నీ వదలదు, ఈసారి నాకోసం ఆగకుండా ఉక్కుకీ నూనె రాసే ఉంటుందిలే అనుకున్నా. వేలు పెట్టి చూస్తే తెలిసిపోయేది." ఆయన అచ్చును బల్ల మీద పెట్టాడు. "వేలు పెడితే నీకు తెలిసిపోతుందని పెట్టలేదు."

నీవెస్‌కు ఏడుపు రాలేదు. గుండెల మీద ఎవరో పెట్టిన దిమ్మను ఎవరో ఎత్తినట్టయింది. అదే సమయంలో ఆ దిమ్మ ఇన్నాళ్ళూ ఎవరి గుండెల మీద ఉందో కూడా తెలిసింది.

"ఎన్నాళ్ళుగా?"

"లాపో పోయిన ఏడు మొదలైంది. మొదట ఏడుపు వల్ల అనుకున్నా. తరవాత ఏడుపు ఆగింది, ఇది ఆగలేదు."

"అత్తయ్యకి?"

"ఆవిడకి తెలిస్తే ఫోస్కాకి తెలుస్తుంది. ఫోస్కాకి తెలిస్తే సియెనా అంతా డప్పు వేసినట్టే. గుడ్డాణ్ణి వ్యాన్‌లో పెట్టుకుపోకుండా ఉంటుందా?"

ఆయన నవ్వబోయి మానేశాడు. ఈ నాలుగు రోజులూ నోరు విప్పితే నిజం చెప్పాల్సి వస్తుందని విప్పలేదన్నాడు. నేరం ఆమె మోస్తుంటే చూస్తూ కూర్చున్నానన్నాడు. చూస్తూ అన్న మాటకు తనే తల అడ్డంగా ఊపాడు.

నీవెస్ ఆయన చెయ్యి పట్టుకోలేదు. ఆ ఇంట్లో అలాంటి అలవాటు లేదు. గుడ్డ ముక్కకు నూనె అద్ది ఆయన వేళ్ళ మధ్య పెట్టింది. ఆయన లిల్లీ అచ్చుకు రాయడం మొదలుపెట్టాడు.

కొంతసేపటికి తోలు ముక్క ఒకటి తడిపి తెమ్మన్నాడు. వానకోయిలను మరలో బిగించి, తోలు పరిచి, ఇద్దరూ చెరో వైపు పట్టి మర తిప్పారు. తీసి చూస్తే తోలు మీద పిట్ట ఉంది. ఒళ్ళంతా సన్నటి గింజలు లేచాయి, చినుకుల్లో ఎగురుతున్నట్టు. ఎడమ రెక్క ఉండాల్సిన చోట గరుకు తప్ప ఏమీ లేదు.

"తోలు ఓర్చుకుంటుంది" అన్నాడు ఒరెస్తే వేలితో చూస్తూ. "వెండి ఓర్చుకోదు. వెండి మీద ప్రతి మచ్చా అరుస్తుంది."

"ఇంక దారి లేదా?"

దారి ఉందన్నాడు. మెల్లగా, తూచి తూచి చెప్పాడు. అచ్చును నిప్పుల్లో ఎర్రగా కాల్చి, బూడిదలో పూడ్చి, ఒక రాత్రంతా చల్లారనిస్తే ఉక్కుకున్న పదును దిగిపోతుంది. మెత్తబడ్డ ఉక్కు మీద ఆకురాయితో తుప్పు మచ్చలు తీసి, గీతలు మళ్ళీ లోతుగా చెక్కవచ్చు. చెక్కాక మళ్ళీ కాల్చి నూనెలో ముంచి పదును పెట్టాలి. ఆ ముంచినప్పుడు పాత ఉక్కు పగిలినా పగలవచ్చు.

"మరి లాపో గీతలు?"

"వాడి గీత మీదే ఉలి నడవాలి. అడుగులో అడుగు వేసినట్టు. తరవాత కనిపించేది చెక్కినవాళ్ళ గీతే. వాడిది దాని అడుగున ఉంటుంది." ఆయన అచ్చును ఆమె వైపు తోశాడు. "ఇది నీది. ఇలాగే దాచుకుంటానంటే నూనె రాసి గుడ్డలో చుట్టి ఇస్తాను. ఏ ఇంటికి వెళ్ళినా నీతో వస్తుంది. నిప్పులో పెట్టమంటే పెడతాను. ఫోస్కా చెప్పిందని కాదు, నేను చెప్పాననీ కాదు."

నీవెస్ అచ్చును ఒళ్ళో పెట్టుకుంది. కుడి రెక్క మీద ఈకలు లాపో ఎంత సన్నగా చెక్కాడంటే, పెళ్ళికి ముందురోజు దాకా దీపం పెట్టుకుని కూర్చున్నాడని అత్తయ్య ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది. దాచుకుంటే ఇది లాపో గుర్తు. చెక్కితే మళ్ళీ అచ్చు. గుర్తుతో ఏ ఇంట్లోనైనా ఉండవచ్చు. అచ్చుకు మర కావాలి, వెండి కావాలి, ఈ దుకాణం కావాలి.

"బొగ్గులు తడిసిపోలేదా?" అని అడిగింది.

"పైన అటకమీద ఒక సంచీ ఉంది."

కొలిమి రాజేశారు. అచ్చును బొగ్గుల మధ్య పెట్టాక ఒరెస్తే తిత్తి ఊదుతూ అడిగాడు.

"ఏ రంగు?"

"నల్లగానే ఉంది."

"ఇప్పుడు?"

"అంచు కొంచెం కందినట్టుంది. ఎండిన ద్రాక్షలా."

"చెర్రీ పండు రంగు రావాలి. పులుపు చెర్రీ కాదు, ముగ్గినది. అంతకు మించితే ఉక్కు చెడుతుంది. కళ్ళార్పకుండా చూసి చెప్పు."

ఆమె కళ్ళార్పకుండా చూసింది. ఆయన తల వంచి విన్నాడు. పిట్ట తోక ఎరుపెక్కింది, తల ఎరుపెక్కింది, కుడి రెక్కలో ఒక్కొక్క ఈకా వెలుగుతూ కనిపించింది. లాపో చెక్కిన గీతలు అంత స్పష్టంగా ఆమె ఎప్పుడూ చూడలేదు.

"వచ్చింది" అంది. "మామయ్యా, తియ్యండి."

పటకారును ఆయన చేతికిచ్చి, మణికట్టు దగ్గర పట్టుకుని దారి చూపింది. అచ్చు బూడిదలో మునిగింది.

వెనక మెట్ల మీద ఫోస్కా ఉంది. ఎప్పుడు దిగిందో తెలియదు. ఏం చేస్తున్నారని అడిగింది.

"పదును దింపుతున్నాం" అన్నాడు ఒరెస్తే.

ఫోస్కా తండ్రి ముఖం, వదిన ముఖం, ఆయన మణికట్టు మీద ఇంకా తీయని ఆమె చెయ్యి చూసింది. వచ్చే ఆదివారం మళ్ళీ వస్తానని, ఈలోగా ఆలోచించి పెట్టమని చెప్పింది. గడప దాటుతూ ఆగింది.

"వదినా, పైన అన్న మాట..."

"ముందు వెళ్ళు, మీ ఆయన దిగితే బూట్లు పాడవుతాయి" అంది నీవెస్. ఫోస్కా ఈసారి నవ్వింది. నవ్వి, కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున్నే బూడిదలోంచి అచ్చును తీశారు. ఒరెస్తే ఆకురాయి మూలతో గీకి చూసి, మెత్తబడిందన్నాడు. తలకూ కుడి రెక్కకూ ఉన్న మచ్చలు వేళ్ళతో తడుముకుంటూ తనే తీశాడు. తరువాత సొరుగులోంచి సన్న ఉలి ఒకటి తీసి, పిడి ఆమె వైపు తిప్పి ఇచ్చాడు. లాపో ఉలి. పిడి మీద అతని బొటనవేలి గుంట ఉంది.

"నాకు చెక్కడం రాదు మామయ్యా."

"తోలు మీద గీత గియ్యడం వచ్చుగా. ఇది దానికంటే కాస్త మొండిది, అంతే. నువ్వు చూడు, నేను తడిమి చెప్తాను."

నీవెస్ తన చేతిసంచి తెచ్చి బల్ల మీద పెట్టింది. దాని కొలికి మీద వెండి వానకోయిల, రెండు రెక్కలతో, ఈ అచ్చులోంచి మొట్టమొదట వచ్చినది. వెండిలో చూసిందాన్ని ఉక్కులో తిరగేసి చెక్కాలి. ఆమె చాలాసేపు చూసింది. ఉలి ఆనించి నెట్టింది. వెంట్రుకంత ఉక్కు చుట్టుకుంటూ లేచింది.

ఒరెస్తే బొటనవేలితో ఆ గీతను నిమిరాడు. మళ్ళీ నిమిరాడు.

"వాడిది ఇంకొంచెం వంకర" అన్నాడు. "కానీ ఇది ఈకే."

పైనుంచి అర్జియా కేక వేసింది. ఒకటికి రెండుసార్లు పిలిచినా పలకరేమిటని, కిందేమైనా సన్నాసుల మఠం పెట్టారా అని. ఆమె చెప్పుల చప్పుడు మెట్లు దిగుతోంది. ఒరెస్తే ముఖం ఆ చప్పుడు వైపు తిరిగింది. నీవెస్ ఉలి పక్కన పెట్టి ఆయన వైపు చూసింది.

ఎడమ రెక్కలో పడింది ఒక్క ఈక. మిగిలిన రెక్క అంతా చెక్కవలసే ఉంది. కళ్ళ సంగతి అర్జియాకు చెప్పవలసే ఉంది.